బి-1 వీసాతో అమెరికాలో ఏ పరిశోధన చేయవచ్చు?

బెంగళూరు, చెన్నై, షోలాపూర్, బరంపురం, యానాం... ఎక్కడ స్థిరపడినా మన ఇళ్లలో పీహెచ్‌డీ చేసేవారు, కాలేజీల్లో పాఠాలు చెప్పేవారు ఉన్నారు. అమెరికాలోని ఓ ప్రొఫెసర్ 'రెండు నెలలు మా దగ్గరకు రండి' అని పిలిస్తే ఎవరికైనా సంతోషమే. పాస్‌పోర్టులో పదేళ్ల బి-1/బి-2 వీసా ఎలాగూ ఉంది, దాంతోనే వెళ్లొస్తే సరిపోతుంది అనిపిస్తుంది. కొన్నిసార్లు సరిపోతుంది, కొన్నిసార్లు సరిపోదు. ఆ తేడా ఎక్కడుందో ఇక్కడ వివరిస్తున్నాం.

బి-1 ఎందుకు?

బి-1 వ్యాపార సందర్శకుల వీసా. అయితే ఇక్కడ వ్యాపారమంటే సరుకుల బేరం ఒక్కటే కాదు. సదస్సులకు వెళ్లడం, తోటి పండితులతో చర్చించడం, స్వతంత్ర పరిశోధన చేసుకోవడం కూడా దీని కిందికే వస్తాయి. అసలు కీలకం 'స్వతంత్ర' అన్న మాటలో ఉంది. మూడు ప్రశ్నలు వేసుకోండి. పరిశోధన ఎవరిది? డబ్బు ఎవరిస్తున్నారు? ఫలితం ముఖ్యంగా ఎవరికి ఉపయోగపడుతుంది?

తన థీసిస్ కోసం వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో తెలుగు పుస్తకాలు చూసుకునే అమ్మాయి సంగతి తీసుకోండి. ఖర్చు ఆమెదో, ఇక్కడి విశ్వవిద్యాలయానిదో. ఫలితం ఆమె థీసిస్‌కే. దీనికి బి-1 చాలు.

అదే అమ్మాయి అక్కడి ప్రొఫెసర్ ల్యాబ్‌లో చేరి, ఆయన ప్రాజెక్టుకు రోజూ ప్రయోగాలు చేసిపెడితే అది అక్కడి సంస్థకు చేసే పని అవుతుంది. 'జీతం తీసుకోవడం లేదు కదా' అన్న మాట ఒక్కటే ఆమెను కాపాడదు.

డబ్బు సంగతి

అమెరికా సంస్థ నుంచి జీతం తీసుకోకూడదు. ఉపన్యాసం లాంటి విద్యా కార్యక్రమాలకు పారితోషికం విషయంలో మాత్రం 1998 నాటి చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. విశ్వవిద్యాలయం, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థ లేదా ప్రభుత్వ పరిశోధన సంస్థ నుంచి పారితోషికం, ఖర్చులు తీసుకోవచ్చు. ఒక్కో సంస్థలో ఆ కార్యక్రమం 9 రోజులు మించకూడదు. 6 నెలల్లో 5 సంస్థలకు మించి తీసుకోకూడదు.

వైద్య విద్యార్థులు, డాక్టర్లు

ఇక్కడ ఎంబీబీఎస్ చదువుతున్నవారు అక్కడి వైద్య కళాశాల ఆసుపత్రిలో జీతం లేకుండా ఎలెక్టివ్ క్లర్క్‌షిప్ చేయడానికి బి-1 పనికొస్తుంది. డాక్టర్లు అక్కడి వైద్య పద్ధతులను గమనించవచ్చు, కానీ రోగులకు చికిత్స చేయకూడదు. డిగ్రీ కోర్సులో చేరాలంటే బి-1 కుదరదు, విద్యార్థి వీసా కావాలి.

మరి ల్యాబ్‌లో పని చేయాలంటే?

దానికి సాధారణంగా జె-1 వీసా. పిలిచిన విశ్వవిద్యాలయం డీఎస్-2019 అనే పత్రం పంపుతుంది, దాన్ని పట్టుకుని వీసాకు దరఖాస్తు చేయాలి. 6 నెలల లోపు పనికి ఇందులో 'షార్ట్ టర్మ్ స్కాలర్' అనే విభాగం ఉంది. కాస్త ఆలస్యమైనా ఇదే సరైన దారి.

విమానాశ్రయంలో

వీసా పదేళ్లది కావచ్చు, కానీ ఎన్నాళ్లు ఉండవచ్చో విమానాశ్రయంలోని అధికారే నిర్ణయిస్తారు. ఆ తేదీ ఐ-94 రికార్డులో ఉంటుంది. పరిశోధనకు వెళ్తున్నామని స్పష్టంగా చెప్పి, అందులో బి-1 అని నమోదైందో లేదో చూసుకోవాలి. పర్యాటకులకు ఇచ్చేది బి-2.

ఆహ్వాన లేఖ, ఇక్కడి సంస్థ ఇచ్చిన సెలవు పత్రం, ఖర్చు ఎవరు భరిస్తున్నారో చూపే కాగితం చేతి సంచిలోనే పెట్టుకోండి. లేఖలో 'మా ప్రాజెక్టులో పనిచేస్తారు' అని ఉంటే ఆగండి. మాట మార్పించి వెళ్లడం పరిష్కారం కాదు. నిజంగా చేయబోయేది అదే అయితే వీసానే మార్చుకోవాలి.

పొరపాటైతే వీసా రద్దు చేసి అక్కడి నుంచే వెనక్కి పంపవచ్చు. అబద్ధం చెప్పినట్టు తేలితే జీవితాంతం ప్రవేశం నిరాకరించే ప్రమాదమూ ఉంది. రెండు నెలల అవకాశం కోసం పిల్లల ముందున్న ముప్పై ఏళ్లను పణంగా పెట్టకూడదు. టికెట్టు కొనకముందే, పిలిచిన విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల, పరిశోధకుల వ్యవహారాలు చూసే కార్యాలయానికి చేయబోయే పని ఉన్నదున్నట్టు రాసి, ఏ వీసా కావాలో రాతపూర్వకంగా అడగండి.