అమెరికా పాఠశాలల్లో ఆస్బెస్టాస్ నిర్వహణ నిధులు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పాఠశాల భవనాలలోని ఆస్బెస్టాస్ (రాతినార) వలన కలిగే ప్రమాదాన్ని అదుపు చేయడానికి సమాఖ్య ప్రభుత్వం 1984లో రుణాలు, గ్రాంట్లతో కూడిన ఒక పథకాన్ని ప్రారంభించింది. తనిఖీలను ప్రభుత్వ పాఠశాలలకూ, లాభాపేక్ష లేని ప్రైవేటు పాఠశాలలకూ తప్పనిసరి చేసిన చట్టం 1986లో వచ్చింది. తనిఖీల బాధ్యత నేటికీ కొనసాగుతున్నది; నిధులు మాత్రం 1993 తరువాత మంజూరు కాలేదు.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధానంతరం నిర్మించిన అనేక పాఠశాలల్లో అగ్ని నిరోధానికీ, శబ్ద నియంత్రణకూ పైకప్పులపై, ఉక్కు దూలాలపై ఆస్బెస్టాస్ మిశ్రమాన్ని పిచికారీ చేశారు. బాయిలర్లకు, వేడినీటి గొట్టాలకు దానినే తొడుగుగా చుట్టారు. చేతితో నలిపితే పొడి అయ్యే ఇటువంటి పదార్థమే మిక్కిలి ప్రమాదకరం. తెలుగునాట ఇళ్ళపై కనిపించే సిమెంటు రేకులలో ఈ నార గట్టిగా బంధింపబడి ఉంటుంది. వాటిని కోసినపుడు, విరిచినపుడు, అవి శిథిలమైనపుడు నార గాలిలోకి వెలువడుతుంది. ఆ నారను పీల్చిన వారికి ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథీలియోమా వంటి వ్యాధులు సాధారణంగా దశాబ్దాల తరువాత బయటపడతాయి. పిల్లల విషయంలో ఆందోళన అధికం కావడానికి ఇదే కారణం, వారి ముందు ఇంకా ఎంతో జీవితకాలం ఉంటుంది.

పిచికారీ పద్ధతిని పర్యావరణ పరిరక్షణ సంస్థ 1973లో చాలావరకు నిషేధించింది. అప్పటికే కట్టిన భవనాల సమస్య అలాగే మిగిలింది. 1980లో సహాయం కొరకు ఒక చట్టం చేయబడినా, దానికి కాంగ్రెస్ నిధులు కేటాయించలేదు. 1982 నాటి నిబంధన పాఠశాలలను తనిఖీ చేయమన్నది, ఆస్బెస్టాస్ కనబడితే సిబ్బందికీ తల్లిదండ్రుల సంఘాలకూ తెలుపమన్నది. తొలగించమని మాత్రం అనలేదు.

1984 చట్టం

ఆస్బెస్టాస్ స్కూల్ హజార్డ్ అబేట్‌మెంట్ యాక్ట్ అను ఈ చట్టం ఏడు ఆర్థిక సంవత్సరాలకు మొత్తం 60 కోట్ల డాలర్ల వరకు అనుమతించింది. కాని అనుమతి వేరు, కేటాయింపు వేరు. కాంగ్రెస్ వాస్తవంగా విడుదల చేసిన మొత్తం అంతకంటే తక్కువ. ప్రమాద తీవ్రతనూ పాఠశాల ఆర్థిక స్థితినీ బట్టి దరఖాస్తులకు ప్రాధాన్యం ఇచ్చేవారు. ఖర్చులో సగం వరకు గ్రాంటు లభించేది. రుణానికి వడ్డీ లేదు, గడువు 20 సంవత్సరాల వరకు ఉండేది. ప్రభుత్వ పాఠశాలలతో పాటు లాభాపేక్ష లేని ప్రైవేటు పాఠశాలలు కూడా అర్హమైనవే.

1986 చట్టం

సంక్షిప్తంగా 'ఏహెరా' అని పిలువబడే ఈ చట్టం ప్రకారం ఈ పాఠశాలలు గుర్తింపు పొందిన నిపుణునిచే తనిఖీ చేయించి, నిర్వహణ ప్రణాళిక తయారుచేయాలి. మూడేళ్ళకు ఒకసారి పునఃతనిఖీ, ఆరు నెలలకు ఒకసారి పరిశీలన జరగాలి. ప్రణాళికను తల్లిదండ్రులు ఎప్పుడైనా చూడవచ్చు.

ఉన్న ఆస్బెస్టాస్‌నంతా తొలగించాలని ఈ చట్టం ఆదేశించదు. చెక్కుచెదరని పదార్థాన్ని అజాగ్రత్తగా పెకలిస్తే గాలిలో నార పెరుగుతుంది. కనుక కప్పివేయడం, మూసివేయడం, మరమ్మతు చేయడం కూడా ఆమోదించబడ్డాయి. ఇవి తొలగింపు కంటే చౌక అయినా, ఆ భవనం ఉన్నంతకాలం పర్యవేక్షణ ఖర్చు తప్పదు. నిబంధనల అమలుకు 30 సంవత్సరాలలో 300 కోట్ల డాలర్లకు పైగా అవసరమని పర్యావరణ పరిరక్షణ సంస్థ 1987లో అంచనా వేసింది. సమాఖ్య సహాయం ఇందులో స్వల్పభాగమే. మిగిలిన భారం స్థానిక పాఠశాల బోర్డులపైనా, వాటికి పన్ను చెల్లించే పౌరులపైనా పడింది. కొన్ని బోర్డులు ఆస్బెస్టాస్ తయారీదారులపై దావాలు వేసి పరిహారం కోరాయి.

అమలులో లోపాలు

న్యూయార్క్ నగరంలో 1980వ దశకపు తనిఖీలు నమ్మదగినవి కావని 1993 వేసవిలో బయటపడింది. సుమారు వెయ్యి పాఠశాలలను తిరిగి తనిఖీ చేయవలసివచ్చి, విద్యాసంవత్సర ప్రారంభం సెప్టెంబరు 20కి వాయిదా పడింది. కొన్ని భవనాలు ఆనాటికీ తెరుచుకోలేదు. తనిఖీ జరిగినట్లు కాగితంపై ఉన్నంతమాత్రాన చాలదని ఈ ఉదంతంతో రుజువైంది.

నేటికీ పాత భవనాలు అధికంగా ఉన్న నగరాలలో ఈ సమస్య తీరలేదు. ఫిలడెల్ఫియాలో 2023లో ఆస్బెస్టాస్ కారణంగా కొన్ని పాఠశాలలు మూతపడ్డాయి. సకాలంలో తనిఖీలు జరపలేదని ఆ నగర పాఠశాలల విభాగంపై 2025లో సమాఖ్య న్యాయశాఖ అభియోగాలు మోపి, న్యాయస్థానం పర్యవేక్షణలో లోపాలను సరిదిద్దుకొనే షరతుపై విచారణను వాయిదా వేసే ఒప్పందం కుదుర్చుకున్నది.