ఓరుగల్లు సీమలో మట్టిపని : త్రవ్వించువారును త్రవ్వువారును

పుత్రుడు, తటాకము, కావ్యము, దేవాలయము, వనము, నిధి, అగ్రహారము అను నేడింటిని మన పూర్వులు సప్తసంతానములని కొనియాడిరి. గ్రంథమును, చెఱువును ఒక్క వరుసలో నిలిపి గౌరవించిన జాతి మనది. అయితే కావ్యమునకు దానిని వ్రాసినవాని పేరు నిలిచినది. చెఱువునకు త్రవ్వించినవాని పేరు నిలిచినదే కాని త్రవ్వినవాని పేరు నిలువలేదు. ఆ త్రవ్వినవారిని పూర్వు లెట్లు కుదుర్చుకొనిరి, కొలత యెట్లు తెగినది, భూమి నెట్లు సిద్ధపఱచిరి అను విషయములు నేటికిని బావి త్రవ్వించు రైతునకు, ఇంటికి పునాది తీయించు గృహస్థునకు పనికివచ్చునవే.

ఓరుగల్లు సీమ మట్టిపనికి పుట్టినిల్లు. గణపతిదేవ చక్రవర్తి 1199 మొదలు 1262 వఱకు రాజ్య మేలెను. ఆయన మంత్రియైన జగదాల ముమ్మడి పాకాల చెఱువును కట్టించెను. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున చెఱువును నిర్మింపజేసెను. 1213లో రేచర్ల రుద్రుడు రామప్ప గుడి నెత్తించినప్పుడు గోతులు త్రవ్వించి, ఇసుకతో నింపించి, దానిపై పునాది నిలిపెను. 2021లో ప్రపంచ వారసత్వ కట్టడముగ గుర్తింపబడిన ఆ ఆలయము మొదట ఒక గోతితోనే ప్రారంభమైనది.

ఇక ఓరుగల్లు కోట చుట్టునున్న మట్టికట్టను చూడుడు. అగడ్త త్రవ్వగా వచ్చిన మన్నే పక్కన గోడగా లేచినది. ఒకచోట తీసినది మఱియొకచోటికి అక్కఱకు వచ్చునట్లు చేయుటయే మట్టిపనిలోని మొదటి నేర్పు. 1310లో మాలిక్ కాఫూర్ సేనలు ముట్టడించినప్పుడు ఆ మట్టిగోడ గట్టిదనమును ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో సైతము పారసీక గ్రంథమున వర్ణింపక తప్పలేదు. శత్రువు మెచ్చిన పని అది. దానిని మోసిన తలలెన్నియో లెక్క లేదు.

ఆ లెక్క కొంతవఱకు తెలుపు శాసన మొకటి కడప సీమలోని పోరుమామిళ్లయందు కలదు. విజయనగర రాజగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన ఆ శాసనము చెఱువునకు పండ్రెండు సాధనములను, ఆరు దోషములను చెప్పుచున్నది. ధర్మపరుడైన ప్రభువు, జలశాస్త్ర మెఱిగినవాడు, గట్టి నేల, తీయని నీటి యేఱు, సమీపమున రాతిగని మున్నగునవి సాధనములు. వానిలో చివరిది పనినేర్చిన మనుష్యుల సమూహము. కట్ట కాఱుట, చవుడు నేల, రెండు రాజ్యముల పొలిమేర, చెఱువు నడుమ మిట్ట, నీరు తక్కువై సాగుభూమి ఎక్కువగుట, స్థలము చాలక నీరు మిక్కిలియగుట దోషములు. దినమునకు వేయిమంది కూలీలు, నూఱు బండ్లు పనిచేయగా రెండేండ్లు పట్టెనని అందు కలదు. ప్రభువును మొదట చెప్పి పనివారిని చివర చెప్పినను, ఆ చివరిది లేనిచో మొదటి పదునొకండును వ్యర్థములని గ్రహింపవలెను.

తెలుగునాట ఆ పనినేర్చిన సమూహము ఒడ్డెరలు. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథము వీరిలో రాతిపనివారు, మట్టిపనివారు అను విభాగములను పేర్కొన్నది. గునపము, పార, తట్ట వీరి సాధనములు. దినకూలికంటె కొలతపైన గుత్త పని కుదుర్చుకొనుట వీరి ఆచారము. గోతి నడుమ నచ్చటచ్చట కొంత నేలను కదల్పక దిబ్బలుగా నిలుపుదురు. తొలుత నేలమట్ట మెంత యెత్తున నుండెనో తుది కొలతనాడు ఆ దిబ్బయే సాక్ష్యము చెప్పును. లెక్క తీఱి, ఉభయులును ఒప్పుకొన్న పిమ్మటనే దానిని తొలగింతురు.

మట్టిపనిలో జగడ మంతయు కొలతవద్దనే పుట్టును. ఒక ఉదాహరణము చాలును. పైన పది మీటర్ల చదరమున్న గోతిని మూడు మీటర్ల లోతు తీసినచో 300 ఘనపు మీటర్లని యజమాని యనుకొనును. కాని గోడలు కూలకుండ వాలుగా తీయగా అడుగున నాలుగు మీటర్ల చదరమే మిగిలినచో, నిజముగా తీసిన మన్ను 156 ఘనపు మీటర్లే. ఆ మన్నునే బండ్లకెత్తి లెక్కించినచో గుల్లబడి హెచ్చుగా కనబడును. కాన గోతిలో కొలుతురా, బండిలో కొలుతురా అనునది పార నేలను తాకకముందే తేలవలెను. తేల్చుకొననిచో ఒకరు మోసపోవుదురు. పెక్కుసారులు ఆ మోసపోవువాడు కూలివాడే.

నేడు పార స్థానమున యంత్రము వచ్చినది. 2015లో తెలంగాణ ప్రభుత్వ మారంభించిన మిషన్ కాకతీయ పథకమున నలువది యాఱు వేలకు మించిన చెఱువులను బాగుచేయ సంకల్పించిరి. పూడిక తీయు వ్యయము ప్రభుత్వముది. ఒండ్రుమట్టిని పొలమునకు తోలుకొను ఖర్చు రైతుది. యంత్రము నెలల పనిని దినములలో చేయును. కాని ఎచ్చట నిలువవలెనో దానికి తెలియదు. పూడిక క్రింద నీటిని నిలుపు బంకమట్టి పొర యుండును. దానిని చీల్చినచో నిండిన చెఱువు అడుగునుండియే ఇంకిపోవును. కట్ట మొదట, తూము చెంత లోతుగా తీసినచో కట్టకే ముప్పు. ఈ హద్దు చూపవలసినవాడు త్రవ్వించువాడు.

కావున త్రవ్వకమునకు ముందు గృహస్థుడు చేయదగిన పను లివి. హద్దురాళ్లను ఇరుగుపొరుగువారి సమక్షమున చూచుకొనవలెను. బావి యైనచో 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి అనుమతి పొందవలెను. భూమిలోని విద్యుత్తు తీగలు, నీటి గొట్టములు ఎచ్చటనున్నవో సంబంధించిన కార్యాలయమువారిచే గుర్తింపజేయవలెను. పంట పండించు పైమన్నును వేఱుగా పోయించి, క్రిందనుండి వచ్చు మొరమును దానితో కలియనీయరాదు. తీసిన మన్నును గోతి యంచున కుప్పవేయరాదు. ఆ బరువునకు అంచు విఱిగి లోని మనుష్యులపై పడును. బండ వచ్చినచో ధర యేమి, నీరు ఊరినచో తోడువా రెవరు, అడ్వాన్సు ఎంత, ప్రమాదము జరిగినచో బాధ్యత యెవరిది అను మాటలు కాగితముపై నుండవలెను. పని నెఱిగిన గుత్తేదారును తక్కువ ధరనుబట్టి గాక, అతడు మునుపు తీసిన గోతులు వానకాలము దాటి యెట్లు నిలిచినవో చూచి యెన్నుకొనవలెను.

పాకాల నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. దాని శాసనమున మంత్రి పేరు కలదు, రాజు పేరు కలదు. కట్ట పోసినవారి పేళ్లు లేవు. ఇకమీదనైన ఆ లోపము తీఱుట కష్టముకాదు. గ్రామమున నొక చెఱువు పూడిక తీసినప్పుడు, ఒక బావి త్రవ్వినప్పుడు దాని లోతు, తగిలిన నేల, ఊట పడిన మట్టము, పనిచేసిన మేస్త్రీ పేరు గ్రామ గ్రంథాలయమున నొక పుస్తకములో నెక్కించినచో, రేపు ప్రక్కచేనిలో బావి త్రవ్వించువానికి అది దారి చూపును. సప్తసంతానములలో రెండింటిని, తటాకమును గ్రంథమును, అట్లు ఒకచోట చేర్చిన పుణ్యము ఆ గ్రామమునకు దక్కును.