లివర్ క్యాన్సర్: గడ్డకు రక్తం వెళ్లే దారి మూసేస్తే ఏమవుతుంది? రూ.2.80 లక్షల మందు రూ.8,880కి ఎలా వచ్చింది?

గోదావరిఖని, రామగుండం గని కార్మికులకు ఈ విషయం బాగా తెలుసు. భూమి లోపల పని ముందుకు సాగేకొద్దీ అక్కడికి గాలి కూడా పంపాలి. గాలి అందకపోతే పని ఆగాల్సిందే. లివర్ క్యాన్సర్ గడ్డ పరిస్థితి కూడా దాదాపు ఇంతే. దానికి రక్తం అందాలి.

గడ్డ రక్తాన్ని ఎలా రప్పించుకుంటుంది?

గడ్డ ఒకటి, రెండు మిల్లీమీటర్లు దాటి పెరగాలంటే కొత్త రక్తనాళాలు కావాలి. ఆక్సిజన్ తగ్గగానే క్యాన్సర్ కణాలు వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను వదులుతాయి. ఇదొక సిగ్నల్. దగ్గర్లోని రక్తనాళాల రిసెప్టర్లకు ఇది అతుక్కుంటే, అక్కడి నుంచి కొత్త నాళాలు గడ్డ వైపు మొలుస్తాయి. ఈ దారి మూసేస్తే క్యాన్సర్‌ను అడ్డుకోవచ్చని అమెరికా డాక్టర్ జూడా ఫోక్‌మన్ 1971లోనే చెప్పారు.

మాత్ర ఏం చేస్తుంది?

సొరాఫెనిబ్ మాత్ర ఆ రిసెప్టర్లను పనిచేయనివ్వదు. ముదిరిన లివర్ క్యాన్సర్‌పై 2008లో వెలువడిన ట్రయల్‌లో, ఈ మాత్ర వాడినవాళ్లు మీడియన్ లెక్కన 10.7 నెలలు బతికారు. మందు లేని మాత్ర ఇచ్చినవాళ్లలో అది 7.9 నెలలే. అంటే జబ్బు పూర్తిగా నయం కాదు, కొంత టైమ్ దొరుకుతుంది. అరచేతులు, అరికాళ్లలో మంట, విరేచనాలు, బీపీ పెరగడం లాంటి సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయి.

హైదరాబాద్ కంపెనీ ఎంట్రీ

బేయర్ కంపెనీ 'నెక్సావర్' పేరుతో అమ్మిన ఈ మందుకు నెలకు సుమారు రూ.2.80 లక్షలు అయ్యేది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ దేశంలోనే తొలి కంపల్సరీ లైసెన్స్‌ను హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఫార్మాకు ఇచ్చారు. నెలకు సరిపడా 120 మాత్రల ధర రూ.8,880 మించకూడదన్నది షరతు. బేయర్ పోరాడినా, 2014 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు.

ఆ తర్వాత మరో అడుగు పడింది. వీఈజీఎఫ్‌నే పట్టుకునే బెవాసిజుమాబ్‌ను, ఇమ్యూనోథెరపీ మందు అటెజోలిజుమాబ్‌తో కలిపి ఇస్తే సొరాఫెనిబ్ కంటే మెరుగైన ఫలితం వచ్చినట్లు 2020లో తేలింది.

ముందే జాగ్రత్త పడాలంటే?

హెపటైటిస్ బి, సి, మద్యం, ఫ్యాటీ లివర్.. ఈ ముప్పు పెంచేవి ఇవే. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు వేయాల్సిన హెపటైటిస్ బి టీకా ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. సిరోసిస్ ఉన్నవాళ్లు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. షిఫ్టు డ్యూటీ ఉందని ఆ స్కాన్ వాయిదా వేయొద్దు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దొరికితే ఆపరేషన్‌తో తీసేసే అవకాశం ఉంటుంది.