చెయ్యి బాగానే ఉంది, బంతే వెళ్ళట్లేదు: బేస్‌బాల్‌లో యిప్స్ కథ

ఇవాళ్టి ఎపిసోడ్ బేస్‌బాల్ గురించి. ఆగండాగండి, వీడియో మార్చేయకండి. రూల్స్ అన్నీ తెలియక్కర్లేదు, నాకూ అన్నీ తెలియవు. క్రికెట్‌లో బౌలర్ ఎలాగో అక్కడ పిచర్ అలాగ. బ్యాటర్‌కి అందాల్సిన చోట కాకుండా పక్కకి నాలుగు బంతులు విసిరితే, బ్యాటర్ ఊరికే ఫస్ట్ బేస్‌కి నడుచుకుంటూ వెళ్ళిపోతాడు. దాన్ని వాక్ అంటారు. మన వైడ్ లాంటిదే, శిక్ష మాత్రం ఎక్కువ. ఇంత తెలిస్తే చాలు.

1971 అక్టోబర్ 17, బాల్టిమోర్. వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్, అంటే ఫైనల్‌లో ఆఖరి మ్యాచ్. పిట్స్‌బర్గ్ పైరేట్స్ పిచర్ స్టీవ్ బ్లాస్ తొమ్మిది ఇన్నింగ్స్‌లూ తనే వేసి 2-1తో గెలిపించాడు. 1972లో ఇంకా బాగా ఆడాడు, 19 విజయాలు. తొమ్మిది ఇన్నింగ్స్‌లకి సగటున ఇచ్చిన పరుగులు 2.49.

1973లో అదే సగటు 9.85.

గాయం లేదు. చెయ్యి నొప్పి లేదు. డాక్టర్లు చూశారు, కోచ్‌లు ఫిల్ములు వేసుకుని చూశారు. ప్రాక్టీస్‌లో బంతి చక్కగా వెళ్తుంది. మ్యాచ్‌లో బ్యాటర్ ఎదురుగా నిలబడితే ఎటు పోతుందో ఆయనకే తెలీదు. ఆ ఏడాది 88 ఇన్నింగ్స్‌ల చిల్లరలో 84 వాక్‌లు. టీమ్‌మేట్ రాబర్టో క్లెమెంటె 1972 డిసెంబర్ 31న విమాన ప్రమాదంలో చనిపోయాడు, ఆ దెబ్బే ఇది అని కొందరన్నారు. రుజువైతే ఎవరూ చూపించలేదు. 1974లో పెద్ద లీగ్‌లో ఒక్కటంటే ఒక్క మ్యాచ్. 1975 మార్చిలో ఆట మానేశాడు, అప్పటికి వయసు 32. ఆ తర్వాత ఏ పిచర్‌కి ఇలా జరిగినా దానికి ‘స్టీవ్ బ్లాస్ డిసీజ్’ అని పేరు పెట్టేవాళ్ళు. మనిషి బతికుండగానే పేరు జబ్బుకి పెట్టేశారండీ! అయినా ఆయన చేదుగా మిగిలిపోలేదు, తర్వాత ఏళ్ళ తరబడి అదే టీమ్‌కి కామెంటరీ చెప్పాడు.

దీనికి ఇంకో పేరు యిప్స్. ఇది గోల్ఫ్ నుంచి వచ్చిన మాట, టామీ ఆర్మర్ అనే గోల్ఫర్ వాడుకలోకి తెచ్చాడు. క్రికెట్‌లోనూ ఉంది. 2001లో లార్డ్స్‌లో కౌంటీ కప్ ఫైనల్‌లో లెస్టర్‌షైర్ బౌలర్ స్కాట్ బోస్వెల్ వేసిన ఒక ఓవర్‌కి 14 బంతులు పట్టాయి.

అసలు ఏం జరుగుతుంది? గేర్ బండి నేర్చుకున్న రోజులు గుర్తు తెచ్చుకోండి. క్లచ్ పట్టు, గేర్ వెయ్యి, మెల్లగా వదులు... ఆర్నెల్లు పోయాక అవేవీ గుర్తుండవు, చెయ్యే చూసుకుంటుంది. వేల సార్లు చేసిన పని అలా తలలోంచి చేతిలోకి దిగిపోతుంది. భయం పుట్టగానే తల మళ్ళీ స్టీరింగ్ లాక్కుంటుంది. మణికట్టు ఎక్కడుంది, వేలు ఎప్పుడు వదలాలి అని ఒక్కో అడుగూ చూసుకోవడం మొదలెడుతుంది. అక్కడే ఆ పని విరిగిపోతుంది. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు రోజూ కొట్టే కమాండే, స్క్రీన్ షేర్‌లో పది మంది చూస్తుంటే మూడుసార్లు తప్పు కొట్టాను. నాది చిన్న విషయం, బ్లాస్ పక్కన పెట్టేది కాదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. కొందరిలో ఇది డిస్టోనియా, అంటే కండరాలకి ఆదేశాలిచ్చే నాడీ వ్యవస్థలోని తేడా కూడా కావచ్చని గోల్ఫర్ల మీద జరిగిన పరిశోధనలు చెప్తున్నాయి. అందుకే “అంతా నీ మనసులోనే ఉంది” అని తేల్చేసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కథ. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌లో స్టీవ్ సాక్స్, సెకండ్ బేస్ దగ్గర ఫీల్డర్. 1982లో లీగ్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు. 1983 సీజన్ మొదట్లో ఒక త్రో తప్పింది. అక్కడి నుంచి ఫస్ట్ బేస్‌కి వెయ్యాల్సిన మామూలు త్రోలు, స్కూల్ పిల్లలు కూడా వేసేవి, గాల్లోకి పోతున్నాయి. కష్టమైన త్రోలు మాత్రం బానే వస్తున్నాయి! ఎందుకంటే అక్కడ ఆలోచించే టైమ్ లేదు. ఫస్ట్ బేస్ వెనక కూర్చునే ప్రేక్షకులు వెక్కిరింపుగా హెల్మెట్లు పెట్టుకొచ్చేవారు. ఆ ఏడాది మొత్తం 30 ఎర్రర్లు.

అప్పుడు వాళ్ళ నాన్న ఆయనకి ఒక మాట చెప్పాడు. ‘ఒరే, హైస్కూల్లో ఆడేటప్పుడు నాకూ ఇదే వచ్చింది. ఒకరోజు నిద్ర లేచేసరికి పోయుంటుంది, చూడు’ అన్నట్టుగా. తండ్రీకొడుకుల మధ్య అదే ఆఖరి సంభాషణ. ఆ తర్వాత గుండెపోటుతో నాన్న పోయాడు. సాక్స్ ప్రాక్టీస్ చేస్తూనే ఉన్నాడు, త్రోలు మెల్లగా దారిలో పడ్డాయి. ఆ సీజన్ ఆఖరి నెలకి పైగా ఒక్క ఎర్రర్ లేదు. 1989లో యాంకీస్‌కి ఆడుతూ, తన లీగ్‌లో ఆ స్థానంలో ఆడేవాళ్ళందరిలోకీ ఫీల్డింగ్ సగటులో మొదటివాడయ్యాడు.

ఏళ్ళ తర్వాత సాక్స్ వాళ్ళమ్మ దగ్గర నాన్న హైస్కూల్ సమస్య గురించి ఎత్తాడట. మీ నాన్నకి అలాంటిదేమీ ఎప్పుడూ లేదే, అందావిడ.

అబద్ధం చెప్తే జబ్బు పోతుందని నేను అనట్లేదు. కానీ ఆ మాటలో ఏముందో చూడండి. ఇలా చెయ్యి, అలా చెయ్యి అని ఒక్క సూచన లేదు. సూచనలు ఇచ్చేవాళ్ళు అప్పటికే ఊరంతా ఉన్నారు. ‘నువ్వొక్కడివే కాదు, దీనికి ఒక చివర ఉంది’ అన్నాడంతే. బ్లాస్‌కి ఆ రెండూ దొరకలేదు.

అందరికీ ఇలా తిరిగి రాదు. సెయింట్ లూయిస్‌లో రిక్ ఆంకియెల్, 21 ఏళ్ళ కుర్రాడు, 2000 అక్టోబర్ 3న ప్లేఆఫ్ మ్యాచ్‌లో ఒకే ఇన్నింగ్‌లో ఐదు వైల్డ్ పిచ్‌లు వేశాడు. అంటే క్యాచర్ కూడా ఆపలేనంత దూరంగా పోయినవి. 1890 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. మరుసటి ఏడాది వణుకు ఆపుకోవడానికి మ్యాచ్‌కి ముందు వోడ్కా తాగానని తనే తర్వాత చెప్పుకున్నాడు. 2005లో పిచింగ్ వదిలేశాడు. ఆట వదల్లేదు! చిన్న లీగ్‌లలో మళ్ళీ మొదట్నుంచి బ్యాటింగ్ నేర్చుకుని, 2007 ఆగస్టు 9న ఔట్‌ఫీల్డర్‌గా తిరిగొచ్చి, ఆ మ్యాచ్‌లోనే హోమ్ రన్ కొట్టాడు. 2008 మేలో డెన్వర్‌లో బౌండరీ దగ్గర్నుంచి థర్డ్ బేస్‌కి రెండు త్రోలు వేశాడు, రెండింటికీ రన్నర్లు ఔట్. వీడియో దొరికితే చూడండి. అదే చెయ్యి. ఇరవై గజాల లోపు బ్యాటర్‌కి వెయ్యలేకపోయిన చెయ్యి.

జాన్ లెస్టర్ అయితే ఇంకో దారి పట్టాడు. పిచర్‌గా ఏ లోపం లేదు, బ్యాటర్‌కి అద్భుతంగా వేసేవాడు. పక్కనే ఉన్న ఫస్ట్ బేస్‌కి మాత్రం విసరలేకపోయేవాడు. ప్రత్యర్థులకీ తెలిసిపోయి, రన్నర్లు ఆయన ముందే బేస్ వదిలి గంతులేసేవాళ్ళు. ఆయన ఏం చేశాడంటే, బంతిని నేలకేసి కొట్టి ఫస్ట్ బేస్‌కి పంపడం అలవాటు చేసుకున్నాడు. మన గల్లీ క్రికెట్ భాషలో వన్ పిచ్ త్రో. చూడ్డానికి చిన్నపిల్లాడి ఆటలా ఉంటుంది. 2016లో షికాగో కబ్స్ 108 ఏళ్ళ తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు, ఆఖరి మ్యాచ్‌లో మధ్యలో వచ్చి మూడు ఇన్నింగ్స్‌లు వేసింది ఈయనే.

ఇవాళ్టికి ఇంతే అండీ. సాక్స్ టీమ్‌లోనే పెడ్రో గెరెరో అని ఇంకో ఫీల్డర్ ఉండేవాడు, ఆయన మీద మేనేజర్ లసోర్డా చెప్పే జోకు ఒకటుంది. మ్యాచ్ టైట్‌గా ఉన్నప్పుడు ఏం ఆలోచిస్తావని అడిగితే, ‘దేవుడా, బంతి నా దగ్గరికి రాకూడదు’ అనుకుంటాను అన్నాడట. ఇంకా? ‘సాక్స్ దగ్గరికి కూడా పోకూడదు.’ సరే, వచ్చే వారం కలుద్దాం.