సుబ్బారావు గారు, మిస్సోరీ మన్ను

సూక్ష్మజీవులన్నీ అన్నిచోట్లా ఉంటాయనీ, వాటిలో దేన్ని పెంచాలో పరిసరాలే ఎంచుకుంటాయనీ 1934లో డచ్చి శాస్త్రజ్ఞుడు బాస్ బెకింగ్ ప్రతిపాదించాడు. అదే నిజమైతే, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యాన లెడర్లీ ప్రయోగశాలవారు ఊరూరి మన్నూ తెప్పించి వెదకడమెందుకని నాకు చాలాకాలం సందేహం. పెరటి మట్టి చాలదూ? ఆరియోమైసిన్ నిచ్చే బంగారువన్నె జీవి వారి సహచరుడు డగ్గర్‌కు దొరికింది మిస్సోరీ విశ్వవిద్యాలయపు గడ్డిపొలంలో. ఆ మందు 1948లో వెల్లడైంది. సుబ్బారావు గారు ఆ యేడే కన్నుమూశారు.

2018లో ప్రపంచవ్యాప్తంగా 189 చోట్ల మట్టిని పరిశోధించినవారు నా సందేహం కొంత తీర్చారు. బాక్టీరియాల జన్యువైవిధ్యం ఉష్ణమండలంలో కాక, సమశీతోష్ణ మండలంలో అత్యధికమట. శిలీంధ్రాలు దట్టమైనచోట, ఆంటీబయాటిక్కులను తట్టుకునే బాక్టీరియా జన్యువులూ ఎక్కువేనట. ఆ రెంటి పోరు అంత పాతది మరి! మిస్సోరీ ఉన్నది ఆ సమశీతోష్ణ మండలంలోనే.