గంటలు కూడబెట్టిన పైలట్లు: అమెరికాలో నూరేళ్లు

పైలట్ అనుభవాన్ని గాలిలో గడిపిన గంటల్లో లెక్కిస్తారు. లాగ్‌బుక్‌లో ప్రతి ప్రయాణాన్నీ గంటలో పదో వంతు వరకు, అంటే ఆరేసి నిమిషాల లెక్కన రాసుకుంటారు. అమెరికాలో కొత్తవాళ్లకు ఈ గంటలు ఎక్కువగా దొరికింది జీతం తక్కువ, ప్రమాదం ఎక్కువ ఉన్న పనుల్లోనే.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వద్ద మిగిలిపోయిన కర్టిస్ జెన్నీ శిక్షణ విమానాలు చవగ్గా అమ్ముడుపోయాయి. వాటిని కొన్న కుర్రాళ్లు ఊరూరా తిరుగుతూ పొలాల్లో దిగి, విన్యాసాలు చూపి, డబ్బిచ్చినవాళ్లను ఎక్కించుకుని ఓ చుట్టు తిప్పేవారు. చార్లెస్ లిండ్‌బర్గ్ 1922లో నెబ్రాస్కాలోని లింకన్‌లో పాఠాలు మొదలుపెట్టాడు. ఒంటరిగా ఎగరాలంటే విమానం దెబ్బతిన్నప్పటి ఖర్చుకు పూచీ కట్టమన్నారు. అంత సొమ్ము లేక, ఎగిరే విమానం రెక్కల మీద నడిచి, పారాచూట్‌తో దూకి పొట్టపోసుకున్నాడు. 1923లో జార్జియాలోని అమెరికస్‌లో 500 డాలర్లకు ఒక జెన్నీ కొన్నాకే ఒంటరిగా ఎగరగలిగాడు. 1926లో సెయింట్ లూయిస్, షికాగో మధ్య టపా మోశాడు. దారి చూపే దీపాలు అంతంతమాత్రం, వాతావరణ సమాచారం అంతకన్నా తక్కువ. ఆ ఏడాదే దిగే చోటు కనబడక, ఇంధనం అయిపోయి, రెండుసార్లు పారాచూట్‌తో బయటపడ్డాడు. 1927లో అట్లాంటిక్ దాటడానికి అతనికి అక్కరకొచ్చింది ఈ టపా ప్రయాణాల అనుభవమే.

పత్తి చేలపై పురుగుమందు చల్లడం మరో దారి. నేటి డెల్టా ఎయిర్‌లైన్స్ పుట్టింది కూడా ఆ పని చేసే కంపెనీగానే. 1929లో గానీ ప్రయాణికులను ఎక్కించుకోలేదు. 1939లో ప్రభుత్వమే కాలేజీ విద్యార్థులకు విమాన శిక్షణ ఇప్పించడం మొదలుపెట్టింది. 1944 నాటికి 4 లక్షల మందికి పైగా నేర్చుకున్నారు. నల్లజాతి యువకులకు టస్కెగీ విద్యాసంస్థ ద్వారా తలుపు తెరుచుకున్నది ఈ పథకంతోనే. రెండో ప్రపంచ యుద్ధానంతరం దశాబ్దాలపాటు ఎయిర్‌లైన్లు సైన్యంలో ఆరితేరినవాళ్లకే పెద్దపీట వేశాయి.

మిగిలినవాళ్లకు బాగా అందుబాటులో ఉన్నది బోధన. లైసెన్సు వచ్చిన కొద్ది నెలలకే ఇన్‌స్ట్రక్టర్‌గా చేరి, విద్యార్థి పక్కన కూర్చుని గంటలు పోగుచేసుకోవడం నేటికీ ప్రధాన మార్గమే. సముద్ర తీరాల్లో ప్రకటనల బ్యానర్లు లాగే పనీ ఉంది. రెండు గుంజల మధ్య కట్టిన తాడు మీదుగా విమానం తక్కువ ఎత్తులో వచ్చి, కొక్కెంతో దాన్ని అందుకుని, వెంటనే ముక్కు పైకెత్తి ఎగబాకాలి. ఆ క్షణంలో వేగం తగ్గితే కోలుకునేంత ఎత్తు కింద ఉండదు.

చాలాకాలం ప్రాంతీయ ఎయిర్‌లైన్లలో కో పైలట్‌గా చేరడానికి చట్టప్రకారం 250 గంటల అనుభవంతో వచ్చే కమర్షియల్ లైసెన్సు సరిపోయేది. 2009 ఫిబ్రవరి 12న బఫెలో సమీపంలో కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది మరణించారు. బాధిత కుటుంబాలు పట్టు వదలకుండా పోరాడటంతో 2010లో చట్టం మారింది. 2013 నుంచి కో పైలట్‌కు సాధారణంగా 1500 గంటలు కావాలి. సైన్యం నుంచి వచ్చినవాళ్లకు 750, వైమానిక డిగ్రీ చదివినవాళ్లకు 1000 గంటలు చాలు. అయితే బఫెలో ప్రమాదంలో మరణించిన ఇద్దరు పైలట్లకూ అప్పటికే 1500 గంటలకు మించిన అనుభవం ఉంది.