తలంబ్రాల ఫొటోకి పదును

రాత్రి పదకొండు దాటింది. మాఘమాసం ముహూర్తాల తాకిడి ఇంకా తగ్గలేదు. రాజమండ్రిలో ఒక ఆల్బమ్ డిజైనింగ్ గది. బల్ల మీద వరసగా హార్డ్‌డిస్కులు, ఒక్కోదానికి తెల్ల టేపు అంటించి పెళ్లి తేదీ రాసి ఉంది. ట్యూబ్‌లైటు ఆర్పేశారు. గదిలో వేరే వెలుగుంటే తెర మీద నలుపు ఎంత నలుపో తెలియదు. ఆ కుర్చీ లాక్కుని డిజైనర్ పక్కన కూర్చోండి.

తెర నిండా తలంబ్రాలు. ఎర్రంచు మధుపర్కంలో పెళ్లికూతురు దోసిలి పైకెత్తి పెళ్లికొడుకు తల మీద గుమ్మరిస్తోంది. పసుపు బియ్యం సగం జుట్టులో, సగం గాలిలో. వెనకాల ఒక నాయనమ్మ, కళ్లలో గింజలు పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది. ఆల్బమ్ మొత్తానికి ప్రాణం ఈ ఫొటోయే. రెండు పేజీలూ కలిపి పరిచేది దీన్నే.

అయితే కాస్త మెత్తగా ఉంది. ఫోకస్ పెళ్లికూతురి కంటి మీదే పడింది, కెమెరా కదల్లేదు, అయినా అంచులు తేలిపోతున్నాయి. ఫొటోగ్రాఫర్‌ని అనాల్సిన పని లేదు. సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఒక్క రంగునే చూస్తుంది: ఎరుపో, పచ్చో, నీలమో. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కి 1976లో పేటెంట్ వచ్చిన అమరిక అది. సగం పిక్సెళ్లు పచ్చకి, మిగతా సగం ఎరుపు, నీలాలకి. ప్రతి పిక్సెల్ దగ్గరా లేని రెండు రంగుల్ని పక్కవాటిని బట్టి లెక్కగట్టి నింపుతారు. ఆ నింపడంలోనే అంచు పలచబడుతుంది. జేపెగ్ అయితే కెమెరాయే లోపల పదును పెట్టి ఇస్తుంది. ఇది రా ఫైలు. ఆ పని ఇక్కడ చెయ్యాలి.

డిజైనర్ ఫొటోని నూరు శాతానికి తెస్తాడు. ఫొటోలో ఒక పిక్సెల్‌కి తెర మీద ఒక చుక్క. చిన్నదిగా చూస్తూ పదును పెడితే కన్ను మోసపోతుంది. ఇప్పుడు తెరంతా ఒక్క ముఖమే: కాటుక, రెప్ప వెంట్రుకలు, బాసికం అంచు, చెంప మీద పసుపు.

లైట్‌రూమ్‌లో రా ఫైలు తెరవగానే షార్పెనింగ్ దగ్గర కనిపించే అంకెలు ఇవి: అమౌంట్ 40, రేడియస్ 1.0, డీటెయిల్ 25, మాస్కింగ్ 0. అతను ముందు ముట్టుకునేది చివరిదాన్ని. ఆల్ట్ కీ నొక్కిపట్టి మాస్కింగ్ స్లైడర్ పట్టుకోగానే తెర మొత్తం తెల్లబడిపోయింది. కుడివైపు జరిపేకొద్దీ ముందు చెంపలు నల్లబడ్డాయి, తర్వాత నుదురు, తర్వాత మధుపర్కం మడతల మధ్య బట్ట. 60 దగ్గర ఆగాడు. నల్లటి తెర మీద తెల్లగా మిగిలినవి చూడండి: రెప్పలు, జుంకాల చుట్టూ ముత్యాలు, చీర ఎర్రంచు, గాలిలో ఉన్న గింజల చుట్టూ సన్నటి గీతలు. తెల్లగా ఉన్నచోటే పదును పడుతుంది. నల్లగా ఉన్నచోట చర్మం చర్మంలాగే ఉండిపోతుంది.

వెనక నిలబడ్డ కుర్రాడికి ఇది చాల్లేదు.

“అన్నా, ఇంకాస్త పెంచండి. పెళ్లివాళ్లు బాగా షార్ప్‌గా ఉండాలన్నారంట.”

“ఏదీ, నువ్వే పెంచి చూపించరా.”

కుర్రాడు అమౌంట్ 120కి తోశాడు, రేడియస్ 2.5కి, మాస్కింగ్ మళ్లీ సున్నాకి. చూడగానే బాగుందనే అనిపిస్తుంది. ఇంకాసేపు చూడండి. నల్లటి జుట్టుకీ వెనకున్న మండపం వెలుగుకీ మధ్య ఎక్కణ్ణుంచో ఒక తెల్లగీత వచ్చింది. ఎర్రంచు పక్కన తెల్లబట్ట మీద అంతకన్నా తెల్లటి చార. ఐఎస్ఓ 3200లో తీసిన ఫొటో కాబట్టి నాయిస్‌కి కూడా పదును పట్టేసి, చెంపల మీద ఇసుక చల్లినట్టుంది.

ఫొటోలో లేని వివరాన్ని ఏ స్లైడరూ తీసుకురాదు. వెలుగూ చీకటీ కలిసే చోట వెలుగు వైపుని ఇంకాస్త తెల్లగా, చీకటి వైపుని ఇంకాస్త నల్లగా చేస్తుంది, అంతే. ఎంత తేడా అన్నది అమౌంట్, ఎంత వెడల్పున అన్నది రేడియస్. రెప్ప వెంట్రుక మందమే రెండు మూడు పిక్సెళ్లున్నప్పుడు రేడియస్ అంత పెడితే వెంట్రుక కన్నా దాని చుట్టూ ఉన్న గీతే ముందు కనపడుతుంది. కంప్యూటర్లు రాకముందు డార్క్‌రూమ్‌లో ఇదే పని చేతులతో చేసేవాళ్లు. నెగెటివ్ నుంచి కావాలనే మసకగా, పలచగా ఒక పాజిటివ్ తీసి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి కచ్చితంగా కూర్చి ప్రింటు వేసేవాళ్లు. మసక పాజిటివ్ పెద్ద వెలుగునీడల తేడాని తగ్గించి, సన్నటి అంచుల జోలికి పోయేది కాదు. దాంతో అంచులు తేటగా పైకి తేలేవి. ఫొటోషాప్‌లోని అన్‌షార్ప్ మాస్క్ ఆ పద్ధతికే లెక్కల రూపం. అంత శ్రమ పడాల్సి వచ్చినప్పుడు అతి చేసే వీలు తక్కువ. ఇవాళ స్లైడర్ ఒక వేలితో జరుగుతుంది, అందుకే ఇన్ని ఆల్బమ్‌లు కరుకుగా తేలుతున్నాయి.

కంట్రోల్ జెడ్. అమౌంట్ 45, రేడియస్ 0.8, మాస్కింగ్ 60. ఈ దశకి ఇంతే చాలు. ఫైలు తెరిచినప్పుడు కొద్దిగా, తర్వాత కావలసిన చోట మాత్రమే, ఆఖర్న ప్రింటు సైజుకి తగ్గట్టు. పదును పెట్టడాన్ని ఇలా మూడు దశలుగా విడగొట్టి నేర్పినవాడు బ్రూస్ ఫ్రేజర్. ఫొటోషాప్ సీఎస్2 కాలంలో ఆయన దీని మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. సాఫ్ట్‌వేర్లు ఎన్ని మారినా ఈ వరస నిలబడింది.

ఇప్పుడు ఫొటోషాప్. లేయర్‌కి కాపీ తీసి హై పాస్ ఫిల్టర్ వేయగానే తెరంతా బూడిదరంగు, అందులో అంచులు మాత్రం గీతల్లా. బ్లెండ్ మోడ్ ఓవర్‌లేకి మార్చి, లేయర్‌ని నల్లటి మాస్క్‌తో కప్పేశాడు. ఇక పెన్నుతో ఎక్కడ దిద్దితే అక్కడే పదును తేలుతుంది. పెళ్లికూతురి కళ్లు. పాపిటబిళ్ల. గోరింటాకు పండిన వేళ్లు, వాటి సందుల్లోంచి అప్పుడే జారుతున్న గింజలు. కెమెరాకి దగ్గరగా పడుతున్న కొన్ని గింజలు గీతల్లా సాగిపోయాయి. సెకనులో 160వ వంతు కాలంలో అవి జారిన దూరం అది. వాటిని వదిలేశాడు. ఆ సాగుడు వల్లే బియ్యం నిజంగా పడుతున్నట్టుంది.

పెన్ను నాయనమ్మ దగ్గరికి వెళ్లింది. కళ్లు దిద్ది ఆగింది.

“ముడతలు తీసేస్తారా అన్నా?”

“తియ్యను. వాటికి పదునూ పెట్టను.”

నాకు ఈ గదిలో అన్నిటికన్నా నచ్చిన మాట ఇదే. ముడతలకి పదును పెడితే ఆవిడ వయసు పదేళ్లు పెరుగుతుంది, తీసేస్తే ఆవిడే పోతుంది.

తర్వాతి ఫొటో జీలకర్ర బెల్లం. అసలు ఘట్టం. కానీ ఫోకస్ పురోహితుడి భుజం మీద పడింది, వధూవరులు మసక. కుర్రాడు ఏఐతో తెప్పించొచ్చు కదా అన్నాడు. డిజైనర్ కాదనకుండా చేసి చూపించాడు. కొన్ని సెకన్లలో రెప్పలొచ్చాయి, ఒక్కో వెంట్రుకా విడివిడిగా. ఇందాకటి తలంబ్రాల ఫొటోలోని కంటిని పక్కన పెట్టాడు. ఆకారం వేరు, వంపు వేరు.

“ఆ రెప్పలు ఆ అమ్మాయివి కావురా.”

ఆ ఫొటోకి దారి వేరే ఉంది. అసలు 6000 పిక్సెళ్ల వెడల్పు. ఆల్బమ్ పేజీలో 6×4 అంగుళాల చిన్న బొమ్మగా పెడితే, అంగుళానికి 300 లెక్కన కావలసింది 1800 పిక్సెళ్లే. బొమ్మతోపాటు మసక కూడా మూడో వంతుకన్నా చిన్నదైపోతుంది. చూసేవాళ్లకి తేడా దాదాపు తెలియదు.

తలంబ్రాలది దీనికి ఎదురు. 12×36 అంగుళాల జంట పేజీకి 10800×3600 పిక్సెళ్లు కావాలి, అంటే ఫొటోని 1.8 రెట్లు సాగదీయాలి. సైజు మార్చడం ముందు, ఆఖరి పదును తర్వాత. వరస తప్పితే అంచుల చుట్టూ ఉన్న తెల్లగీతలు కూడా అంతే సాగుతాయి. సాగదీశాక పెట్టే పదునులో మూడు పిక్సెళ్ల గీత కాగితం మీద పావు మిల్లీమీటరే. ఒళ్లో పెట్టుకు చూసే ఆల్బమ్‌లో అది గీతలా కనపడదు, అంచు తేటగా ఉందని మాత్రం అనిపిస్తుంది. ఇప్పుడు తెర మీద కాస్త కరుకుగా కనపడుతున్నా కంగారు పడకండి. కాగితం కొంత మింగుతుంది. మ్యాట్ ఎక్కువ మింగుతుంది, గ్లాసీ తక్కువ. లైట్‌రూమ్‌లో ఫొటో బయటికి పంపేటప్పుడు తెరకా, మ్యాట్‌కా, గ్లాసీకా అని విడిగా అడిగేది అందుకే.

పెళ్లికూతురి కన్ను, ఎర్రంచు, నాలుగు గింజలు పడేలా ఒక చిన్న పట్టీ ప్రింటు తీశాడు. లైటు వేశారు. ఆల్బమ్ చూసినంత దూరంలో పట్టుకుని చూడండి. రెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, చెంప మాత్రం మెత్తగా ఉంది.

మీ ఇంట్లో పెళ్లి ఆల్బమ్ తయారవుతుంటే వాట్సాప్‌లో వచ్చిన నమూనా చూసి “షార్ప్‌గా లేదు” అని ఫోన్ చేయకండి. ఇలాంటి ప్రూఫ్ పట్టీ ఒకటి అడగండి. ఆల్బమ్‌తోపాటు పదును పెట్టని అసలు ఫైళ్లు కూడా అడిగి తీసుకోండి. అంచుల చుట్టూ తెల్లగీతలు పడ్డాక సేవ్ చేసిన జేపెగ్ నుంచి వాటిని శుభ్రంగా తీసేయడం చాలా కష్టం.